సూరత్ నుండి సుప్రీంకోర్టు వరకు – తొలి ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కనియా

సూరత్ అనగానే మన ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు ముందుగా స్ఫురించేది హజీరా. తపతీ నది సముద్రంలో కలిసే ఆ ప్రాంతం నుండే హజీరా–విజయపూర్–జగదీశ్‌పూర్ సహజవాయు గొట్టపు మార్గం బయలుదేరుతుంది. ఆ సమీపంలోనే కవాస్ విద్యుత్ కేంద్రం ఉంది. ఇక తెలుగువారి ఇళ్ళలో సూరత్ అంటే చీరలు, మరమగ్గాలు; తెలంగాణ జిల్లాల నుండి అక్కడికి తరలివెళ్ళి తరతరాలుగా స్థిరపడిన నేత కార్మికుల కుటుంబాలు. చరిత్ర చదివినవారికి ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ తొలినాటి వర్తక స్థావరం, 1907లో కాంగ్రెసు మహాసభలో అతివాదులకు, మితవాదులకు మధ్య వచ్చిన చీలిక గుర్తుకు వస్తాయి. అయితే స్వతంత్ర భారత సర్వోన్నత న్యాయస్థానానికి తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన వ్యక్తి పుట్టింది ఆ ఊరిలోనేనన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు హరిలాల్ జెకిసన్‌దాస్ కనియా.

మేము న్యాయశాస్త్రం చదివినవారము కాము. యంత్రాల మధ్య వయసు గడిపినవారము. అయినా కనియా జీవితాన్ని పరిశీలించినపుడు ఒక విషయం మమ్మల్ని ఆకర్షించింది. ఆయన ఇచ్చిన తీర్పులలో అన్నిటికంటె ప్రసిద్ధమైనదానిని తరువాతి తరాల న్యాయమూర్తులు అంగీకరించలేదు. అయినప్పటికీ, అలా అంగీకరించకపోవడానికి కావలసిన స్వాతంత్ర్యం గల న్యాయస్థానాన్ని తొలినాళ్ళలో నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యులు. ఈ రెండు విషయాలనూ కలిపి చూస్తేనే ఆయన వ్యక్తిత్వం మనకు అర్థమవుతుంది.

బాల్యం, విద్యాభ్యాసం

కనియా 1890 నవంబరు 3వ తేదీన సూరత్‌లో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. తాతగారు గుజరాత్‌లో ఆంగ్ల ప్రభుత్వపు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తండ్రి జెకిసన్‌దాస్ భావనగర్‌లోని సామల్‌దాస్ కళాశాలలో సంస్కృతాచార్యులు. తరువాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. గాంధీజీ కొద్దికాలం చదివి విడిచిపెట్టిన కళాశాల కూడా ఇదే. కనియా 1910లో ఇక్కడే బి.ఏ. పూర్తిచేసి, బొంబాయి ప్రభుత్వ న్యాయ కళాశాలలో చేరి 1912లో ఎల్.ఎల్.బి., 1913లో ఎల్.ఎల్.ఎం. పట్టాలు పొందారు. 1915లో బొంబాయి హైకోర్టులో న్యాయవాదిగా ప్రవేశించారు. కొంతకాలం ‘ఇండియన్ లా రిపోర్ట్స్’ తీర్పుల సంపుటాలకు తాత్కాలిక సంపాదకులుగా కూడా పనిచేశారు. తీర్పులలోని ప్రతి పదాన్ని తూచి చూడవలసిన పని అది. బొంబాయి గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యులైన సర్ చునీలాల్ మెహతా కుమార్తె కుసుమ్‌తో ఆయన వివాహం జరిగింది.

విచారణ న్యాయమూర్తిగా

1931లో కనియా బొంబాయి హైకోర్టు అదనపు న్యాయమూర్తిగా, 1933లో శాశ్వత న్యాయమూర్తిగా నియమితులయ్యారు. ఇక్కడ ఆ హైకోర్టు తీరు గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

హైకోర్టు అంటే కింది కోర్టుల తీర్పులపై అప్పీళ్ళు వినే చోటు అని మనం సాధారణంగా భావిస్తాము. కాని 1862లో ఏర్పడిన బొంబాయి, కలకత్తా, మద్రాసు హైకోర్టులకు ‘ఒరిజినల్ సైడ్’ అనే మరొక విభాగం ఉండేది. నగరంలోని పెద్ద దావాలు నేరుగా అక్కడే దాఖలయ్యేవి. ఒకే న్యాయమూర్తి కూర్చుని, సాక్షులను విని, దస్తావేజులు పరిశీలించి, మొదటి తీర్పు తానే చెప్పేవారు. పత్తి వ్యాపారుల ఒప్పందాలు, ఓడ సరుకుల తగాదాలు, బీమా సొమ్ము, భాగస్వామ్య సంస్థల లెక్కలు, వీలునామాలు – బొంబాయి వంటి వర్తక నగరంలో న్యాయమూర్తి ఎదుటకు వచ్చేవి ఇటువంటి వ్యవహారాలే. కాగితంపై ఏమి రాసి ఉన్నది, సంతకం చేసినవారు దేనికి కట్టుబడ్డారు అన్నవే అక్కడ ప్రధానమైన ప్రశ్నలు. టెండరు దస్తావేజులతో పనిపడిన మన కాంట్రాక్టు విభాగం మిత్రులకు ఈ దృష్టి సుపరిచితమే. షరతు ఎంత కఠినంగా ఉన్నా, అందులో లేని మాటను మనం చేర్చలేము కదా! కనియా న్యాయదృష్టి రూపుదిద్దుకున్నది ఈ వాతావరణంలోనే అని మా అభిప్రాయం.

1943లో ఆయనకు ‘సర్’ బిరుదు లభించింది. అదే సంవత్సరం ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ పదవీ విరమణ చేయగా, సీనియర్ అయిన కనియాకు ఆ స్థానం దక్కలేదు. ఇంగ్లండు నుండి వచ్చిన సర్ లియొనార్డ్ స్టోన్‌ను నియమించారు. కనియా అదే కోర్టులో పని కొనసాగించారు. 1944, 1945 సంవత్సరాలలో తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా బాధ్యతలు కూడా నిర్వహించారు.

ఫెడరల్ కోర్టు

ఫెడరల్ కోర్టు అనే మాట నేటి తరానికి కొత్తగా వినిపించవచ్చు. అమెరికాలో ఫెడరల్ న్యాయమూర్తులు దేశమంతటా జిల్లా స్థాయి నుండి విచారణలు జరుపుతారు. మన దేశంలో ఫెడరల్ కోర్టు ఒక్కటే. 1935 భారత ప్రభుత్వ చట్టాన్ని అనుసరించి 1937 అక్టోబరు 1న ఢిల్లీలో అది ప్రారంభమైంది. కేంద్రానికి, రాష్ట్రాలకు మధ్య వచ్చే వివాదాలు, ఆ చట్టపు అర్థానికి సంబంధించిన ప్రశ్నలు దాని పరిధిలోనివి. మిగిలిన పెద్ద అప్పీళ్ళన్నీ అప్పటికీ లండనులోని ప్రీవీ కౌన్సిల్‌కే వెళ్ళేవి. మన పిఠాపురం జమీందారీ దావా వంటివి సముద్రాలు దాటి పరిష్కారమైన రోజులవి.

కనియా 1946 జూన్‌లో ఈ కోర్టుకు న్యాయమూర్తిగా వచ్చారు. 1947 ఆగస్టులో సర్ పాట్రిక్ స్పెన్స్ నిష్క్రమించగా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1947 ఆగస్టు 15న స్వతంత్ర భారతపు తొలి గవర్నరు జనరల్‌గా మౌంట్‌బాటన్ చేత, 1948 జూన్‌లో రాజగోపాలాచారి చేత, 1950 జనవరి 26న తొలి రాష్ట్రపతిగా డాక్టర్ రాజేంద్రప్రసాద్ చేత ప్రమాణం చేయించినవారు కనియాయే. ఆ మధ్యకాలంలోనే 1949 అక్టోబరు 10 నుండి ప్రీవీ కౌన్సిల్‌కు అప్పీళ్ళు పూర్తిగా నిలిచిపోయి, భారతీయుల వ్యాజ్యాలపై తుది మాట భారతదేశంలోనే చెప్పే స్థితి ఏర్పడింది.

1950 జనవరి 28న పార్లమెంటు భవనంలోని సంస్థానాధీశుల సభామందిరంలో సుప్రీంకోర్టు ప్రారంభమైంది. కనియాతో కలిపి న్యాయమూర్తులు ఆరుగురే. మిగిలినవారు ఫజల్ అలీ, పతంజలి శాస్త్రి, మెహర్‌చంద్ మహాజన్, బి.కె. ముఖర్జీ, ఎస్.ఆర్. దాస్. ఈ కోర్టు రాజకీయ పక్షాలకు, రాజకీయ సిద్ధాంతాలకు దూరంగా స్థిరంగా నిలుస్తుందని, ప్రభుత్వాలు మారడంతో దానికి సంబంధం లేదని ఆ సభలో కనియా స్పష్టం చేశారు.

నెహ్రూ అభ్యంతరం

ఆయన నియామకం నిర్విఘ్నంగా జరిగిందని చెప్పలేము. మద్రాసు హైకోర్టులో బషీర్ అహ్మద్ సయీద్‌ను శాశ్వత న్యాయమూర్తిగా నియమించడానికి కనియా అభ్యంతరం తెలిపారు. ఆ అభ్యంతరంలో మతపరమైన ఛాయలున్నాయని ప్రధాని నెహ్రూ తీవ్రంగా బాధపడ్డారు. అటువంటి వ్యక్తి సుప్రీంకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి కావడం ఉచితమా అని గణతంత్ర దినానికి కొద్దిరోజుల ముందే సర్దార్ పటేల్‌కు లేఖ రాశారు. పటేల్ అంతదూరం వెళ్ళవద్దని సలహా ఇచ్చారు. చివరకు సయీద్ శాశ్వత న్యాయమూర్తి అయ్యారు. కనియా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పెద్దల జీవితచరిత్రలలో ఇటువంటి ఘట్టాలను దాచడం పరిపాటి. కాని ఇది ఆయన జీవితంలో మచ్చగా నిలిచిన మాట వాస్తవం. ప్రధానమంత్రికే అయిష్టమైన వ్యక్తి ఆ పీఠంపై కూర్చోగలగడం మాత్రం ఆనాటి మన వ్యవస్థ ఆరోగ్యాన్ని సూచిస్తుంది.

ఒకే సూత్రం, రెండు తీర్పులు

కనియా దృష్టిని గ్రహించడానికి రెండు నిర్బంధ కేసులను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది 1949లో ఫెడరల్ కోర్టుకు వచ్చిన జతీంద్రనాథ్ గుప్తా కేసు. బీహారులో ఒక శాంతిభద్రతల చట్టం ఏడాది గడువుతో వచ్చింది. శాసనసభల తీర్మానాన్ని ఆధారం చేసుకుని ప్రభుత్వం ఒక నోటిఫికేషన్‌తో దానిని మరొక ఏడాది పొడిగించి, దానికింద మనుషులను నిర్బంధించింది. చట్టం చేయవలసింది శాసనసభే గాని, ఆ అధికారాన్ని ప్రభుత్వానికి అప్పగించరాదని కనియా, మరి ఇద్దరు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. పొడిగింపు చెల్లలేదు. నిర్బంధితుల పక్షాన న్యాయం నిలిచింది.

రెండవది ఏ.కె. గోపాలన్ కేసు. మలబారుకు చెందిన ఈ కమ్యూనిస్టు నాయకుడు 1947 డిసెంబరు నుండి జైలులోనే ఉన్నారు. 1950 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందస్తు నిర్బంధ చట్టాన్ని, అనగా మన వాడుకలోని పి.డి. యాక్టును ఆమోదించింది. మార్చి 1న దానికింద గోపాలన్‌కు కొత్త నిర్బంధపు ఉత్తర్వు అందింది. ఆయన నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించారు. మనిషిని విచారణ లేకుండా జైలులో ఉంచే చట్టం న్యాయబద్ధమైన చట్టమేనా అని ఆయన న్యాయవాది ఎం.కె. నంబియార్ ప్రశ్నించారు.

రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం చట్టం నెలకొల్పిన ప్రక్రియ ద్వారా తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించరాదు. అమెరికా రాజ్యాంగంలోని ‘డ్యూ ప్రాసెస్’ అనే మాటను మన రాజ్యాంగ నిర్మాతలు తెలిసితెలిసే వదిలివేశారు. శాసనసభ నిర్ణయాలను న్యాయమూర్తులు తమ అభిప్రాయాలతో తోసిపుచ్చే ప్రమాదం ఉన్నదని వాదించినవారిలో నెల్లూరు జిల్లాలో జన్మించిన మన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ముఖ్యులు. 1950 మే 19న వెలువడిన తీర్పులో కనియా ఈ మార్పునే ఎత్తిచూపారు. ఇక్కడ చట్టమంటే శాసనసభ చేసిన చట్టమే గాని సహజన్యాయ సూత్రాలు కావని, రాజ్యాంగంలో మాటలలో లేని ‘స్ఫూర్తి’ని ఊహించుకుని చట్టాన్ని కొట్టివేసే అధికారం కోర్టుకు లేదని ఆయన అభిప్రాయం. ఫజల్ అలీ దీనితో గట్టిగా విభేదించారు. మనిషి స్వేచ్ఛను హరించే ప్రక్రియలో నోటీసు, వాదన వినిపించే అవకాశం వంటి కనీస న్యాయం ఉండితీరాలని ఆయన రాశారు. అయితే అధిక సంఖ్యాకుల మాటే నిలిచింది. గోపాలన్ అర్జీ తోసివేయబడింది.

ఈ తీర్పులోనే మరొక అంశం ఉంది. నిర్బంధానికి చూపిన కారణాలను కోర్టుకు కూడా చెప్పరాదని ఆ చట్టంలోని 14వ సెక్షన్ నిషేధించింది. ఈ ఒక్క సెక్షన్‌ను మాత్రం ఆరుగురూ ఏకగ్రీవంగా కొట్టివేశారు. నిర్బంధం సక్రమమో కాదో చూడవలసిన న్యాయస్థానానికే కళ్ళకు గంతలు కట్టడం రాజ్యాంగం సహించదని తేల్చారు.

రెండు తీర్పులకూ ఆధారం ఒకే సూత్రం. శాసనసభ చేయని చట్టం చెల్లదు గనుక 1949లో నిర్బంధితులు గెలిచారు. శాసనసభ చేసిన చట్టం చెల్లుతుంది గనుక 1950లో ఓడారు. దస్తావేజులోని మాటకు కట్టుబడే ఒరిజినల్ సైడ్ న్యాయమూర్తి నిజాయితీ ఈ రెండింటిలోనూ కనిపిస్తుంది. ఆ నిజాయితీకి ఉన్న పరిమితి కూడా ఇక్కడే కనిపిస్తుంది. వర్తక ఒప్పందంలో ఇరుపక్షాలూ సంతకం చేస్తాయి. నిర్బంధ చట్టంలో జైలులో ఉన్నవాని సంతకం ఎక్కడా ఉండదు కదా!

తెలుగునేలపై ప్రభావం

ఈ కాలపు తీర్పులు మన ప్రాంతాలను కూడా తాకాయి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ప్రత్యేక ట్రైబ్యునల్ మరణశిక్ష విధించిన ఖైదీల పక్షాన సుప్రీంకోర్టుకు అర్జీలు వెళ్ళాయి. ప్రసిద్ధ ఆంగ్ల న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వారి కోసం వాదించారు. హైదరాబాదు హైకోర్టు ఆ శిక్షలను 1949 డిసెంబరులో, అనగా రాజ్యాంగం అమలులోకి రాకముందే ధ్రువీకరించినందున తాము అప్పీలు వినజాలమని సుప్రీంకోర్టు 1950 డిసెంబరులో తేల్చింది. కొన్ని వారాల తేడాతో మనుషుల ప్రాణాలు తక్కెడలో తూగిన సందర్భమది. అదృష్టవశాత్తు ఆ మరణశిక్షలు అమలు కాలేదు. యావజ్జీవ శిక్షలుగా మారాయి.

ఇంజనీరింగు పట్టభద్రులు గుర్తుంచుకోదగినది 1951 ఏప్రిల్ 9న వెలువడిన చంపకం దొరైరాజన్ తీర్పు. నాటి మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలు నాలుగు. సీట్లు మొత్తం 395. కాకినాడ, అనంతపురం అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. ప్రతి పద్నాలుగు సీట్లను కులమతాలవారీగా పంచే ప్రభుత్వ ఉత్తర్వును, వైద్య విద్యను ఆశించిన ఒక యువతి, ఒక ఇంజనీరింగు అభ్యర్థి దాఖలు చేసిన అర్జీలపై కనియా అధ్యక్షతన ఏడుగురు న్యాయమూర్తులు కొట్టివేశారు. తీర్పు రాసినవారు ఎస్.ఆర్. దాస్. దాని పర్యవసానంగా అదే సంవత్సరం జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక అవకాశాలు కల్పించే 15(4) చేరింది. ఆ సవరణను ప్రశ్నించిన శంకరీప్రసాద్ కేసులో 1951 అక్టోబరు 5న కనియా అధ్యక్షతనే కోర్టు సవరణను సమర్థించింది. కోర్టు ఒక ఉత్తర్వును కొట్టివేయడం, పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించడం, కోర్టు ఆ సవరణను అంగీకరించడం – ఈ మూడూ ఆరునెలలలోపే జరిగాయి. వెనుకబడిన కుటుంబాల నుండి ఎందరో ఇంజనీర్లు మన సంస్థలలోకి రావడానికి అనంతర కాలంలో దారి ఏర్పడినది అక్కడే.

అస్తమయం, అనంతరం

1951 నవంబరు 6న, అరవై ఒక్క సంవత్సరాలు నిండిన మూడు రోజులకే, గుండెపోటుతో కనియా పదవిలో ఉండగానే కన్నుమూశారు. పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్ళు మిగిలి ఉన్నాయి. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఆయన పనిచేసింది ఒక సంవత్సరం తొమ్మిది మాసాలు మాత్రమే. మిగిలినవారిలో సీనియర్ అయిన పతంజలి శాస్త్రి మరునాడే ఆ స్థానంలోకి వచ్చారు. నలభై ఏళ్ళ తరువాత కనియా అన్నకుమారుడు మధుకర్ హీరాలాల్ కనియా 1991 డిసెంబరులో అదే పీఠాన్ని అధిష్ఠించారు.

గోపాలన్ తీర్పు మాత్రం క్రమంగా తన బలాన్ని కోల్పోయింది. 1962లో ఖరక్‌సింగ్ కేసులో మన రాజమహేంద్రి బిడ్డ జస్టిస్ కోకా సుబ్బారావు తన భిన్నాభిప్రాయంలో, ప్రాథమిక హక్కులను వేర్వేరు గదులుగా విడదీసి చూడరాదని రాశారు. 1970 నాటి బ్యాంకుల జాతీయీకరణ తీర్పు ఆ దారినే నడిచింది. 1978లో మేనకాగాంధీ కేసులో, చట్టం నెలకొల్పిన ప్రక్రియ న్యాయంగా, సహేతుకంగా కూడా ఉండాలని కోర్టు నిర్ణయించింది. గోప్యత హక్కును గుర్తించిన 2017 నాటి పుట్టస్వామి తీర్పులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం సుబ్బారావు దృక్పథాన్ని సమర్థించింది. 1950లో ఫజల్ అలీ ఒంటరిగా చెప్పిన మాటకు ఆ విధంగా విలువ చేకూరింది. ఇక గోపాలన్ 1952 ఎన్నికలలో గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు.

కనియా ప్రారంభోత్సవ సభలో చెప్పిన మాట వల్ల ప్రభుత్వరంగ ఉద్యోగులమైన మనకు ఒరిగినదేమిటని ఎవరైనా అడుగవచ్చు. 1975లో సుఖ్‌దేవ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఓ.ఎన్.జి.సి., ఎల్.ఐ.సి., ఇండస్ట్రియల్ ఫైనాన్స్ కార్పొరేషన్‌లను రాజ్యాంగం 12వ అధికరణం కింద ‘రాజ్యం’గా పరిగణించింది. నిబంధనలకు విరుద్ధంగా ఉద్యోగిని తొలగిస్తే ఆ తొలగింపు చెల్లదని తేల్చింది. యాజమాన్యం ప్రభుత్వానిదైనా కోర్టు గుమ్మం ఎక్కవచ్చునన్న ధైర్యం మన ఉద్యోగులకు ఈ తీర్పుతో మరింత బలపడింది. ప్రభుత్వాల మార్పులతో నిమిత్తం లేని న్యాయస్థానం లేకపోయినట్లయితే ఇటువంటి తీర్పు వచ్చేదా అని మనం ఆలోచించుకోవాలి.

ఆరుగురితో మొదలైన ఆ కోర్టులో న్యాయమూర్తుల సంఖ్య 2019లో 34కు పెరిగింది. హజీరా, కవాస్ ప్రాంతాలలో పనిచేస్తున్న మన సోదర ఉద్యోగులు పిల్లలకు సూరత్ విశేషాలు చెప్పేటప్పుడు తపతీ తీరాన్ని, చీరల అంగళ్ళను చూపడంతోపాటు సంస్కృత పండితుని కుమారుడైన హరిలాల్ కనియా పేరు కూడా చెప్పగలరని ఆశిస్తున్నాము. గోపాలన్ కేసులో ఆయన చెప్పింది సరియా, ఫజల్ అలీ చెప్పింది సరియా అని పెద్ద పిల్లలను అడిగి చూడండి. వారు చెప్పే జవాబులు ఆసక్తికరంగా ఉంటాయి.